పైకెగరేసిన బంతి

వీరాంజనేయులు కుడి మోచెయ్యి పుట్టుకతోనే కాస్త వంకర. పూర్తిగా చాపమంటే చాపలేడు. సూర్యాపేట బడిలో చేతులు చాపి నిలబడమన్నప్పుడల్లా, వీడొక్కడూ తనను వెక్కిరిస్తున్నాడనుకుని సారు రెండు దెబ్బలు ఎక్కువ వేసేవాడు. దేవుడు ఒక చేత్తో తీసుకుంటే ఇంకో చేత్తో ఇస్తాడంటారు. ఆంజనేయులు విషయంలో మాత్రం ఆ రెండు పనులూ ఒకే చేతి మీద కానిచ్చేశాడు. ఆ వంకర చేతిలోంచి వచ్చే క్రికెట్ బంతి బ్యాట్స్‌మన్‌కి కనపడేది కాదు, వినపడేది.

పందొమ్మిదో ఏట హైదరాబాదులో సెలక్షన్ మ్యాచ్ ఆడాడు. మొదటి బంతికే అంపైరు చెయ్యి చాపి నోబాల్ అన్నాడు. కాలు గీత దాటిందేమోనని ఆంజనేయులు జానెడు వెనక నుంచి వేశాడు. మళ్లీ నోబాల్. మూడోసారి అంపైరే దగ్గరికొచ్చి, "కాలు కాదు బాబూ, చెయ్యి. నువ్వు బౌలింగ్ చెయ్యట్లేదు, విసురుతున్నావు" అన్నాడు. ఆ ఓవరు ముగిసేసరికి పదమూడు బంతులయ్యాయి. అంతటితో క్రికెట్ కథ కంచికి వెళ్లింది.

కాలేజీ పీడీ సారు వెంకటేశ్వర రావు ఓదార్చే రకం కాదు. "ఏడుస్తవేందిరా? ఇసురుడే తప్పయితే, ఇసురుడే పనిగ ఉన్న ఆట ఆడు" అని స్టోరు రూములోంచి ఒక బేస్‌బాల్ బంతి తెచ్చి చేతిలో పెట్టాడు. తొమ్మిదిమంది ఆటగాళ్లకి నాలుగు గ్లవ్‌లున్న టీము అది. యూనివర్సిటీల టోర్నమెంటుకి జనరల్ బోగీలో నిలబడి పోయి, నిలబడి ఆడి, నిలబడే తిరిగొచ్చారు. ఆడేవాళ్లందరూ క్రికెట్ పిల్లలే. ఎవడు క్యాచ్ పట్టినా అలవాటు కొద్దీ బంతిని ఆకాశంలోకి ఎగరేసి గంతులేసేవాడు. అవతలి టీమువాళ్లూ అలవాటు కొద్దీ ఆట ఆపి చూసేవాళ్లు. అంపైరు కూడా చూసేవాడు.

జర్మనీలో అట్లా చూడరు. ఎమ్మెస్ చదువుదామని కైసర్స్‌లౌటర్న్ వచ్చిన ఆంజనేయులు, అక్కడ రిటైరైన ఒక అమెరికన్ సార్జెంటు నడిపే క్లబ్బులో చేరాడు. మొదటి మ్యాచ్‌లోనే ఒక ఎత్తు బంతిని పరుగెత్తి పట్టుకుని, ఆనందంగా పైకెగరేశాడు. బంతి కిందికొచ్చేలోపు అవతలి టీమువాడు మూడో బేస్ నుంచి 'ఇల్లు' అనే ఆఖరి బేస్‌కి పరుగెత్తి ఒక పరుగు తీసుకున్నాడు. బేస్‌బాల్‌లో క్యాచ్ పడితే కొట్టినవాడే అవుట్, ఆట ఆగదు. బేస్‌ల మీద నిలబడ్డవాళ్లు కాచుకుని ఉంటారు, క్యాచ్ పడ్డ క్షణం నుంచీ పరుగెత్తొచ్చు. పట్టినవాడు పట్టిన ఊపులోనే విసరాలి. సంబరాలు ఇంటికి పోయాక చేసుకోవాలి.

సార్జెంటు తిట్టలేదు. అదే బంతిని చేతిలో పెట్టి, వారం రోజులు కింద పెట్టకూడదన్నాడు. ఆంజనేయులు ఆ బంతితో బస్సెక్కాడు, క్లాసుకి పోయాడు, ఎడమచేత్తో అన్నం తిన్నాడు, దాంతోనే స్నానం చేశాడు. రాత్రి నిద్రలో జారిపోకుండా సాక్సులో వేసి మణికట్టుకి కట్టుకున్నాడు. వారం తరువాత బంతి తిరిగి తీసుకుంటూ సార్జెంటు ఒక్క మాటే అన్నాడు. "బంతి నీ చేతిలో ఉన్నంతసేపే ఆట నీది."

ఆ పైన పదకొండేళ్లు ఆంజనేయులు క్యాచ్ పట్టి పైకెగరేసిన పాపాన పోలేదు.

చదువు సగంలో ఆగింది. ఆట మాత్రం ఆగలేదు. ఐదు ఊళ్లు, ఆరు క్లబ్బులు. ఒక ఊళ్లో రెండు క్లబ్బులుండేవి, అవి ఒకదాని మొహం ఒకటి చూసుకునేవి కావు. ఆంజనేయులు రెండింటికీ ఆడాడు, ఇద్దరి చేతా తిట్లు తిన్నాడు. ఎక్కడికి పోయినా అదే ఏర్పాటు. క్లబ్బు షెడ్డు మీద ఒక గది, ఒక పాత సైకిలు, వారాంతం మ్యాచ్‌లు, మిగతా రోజుల్లో పిల్లలకు కోచింగు, మట్టి చదును చెయ్యడం, సున్నం గీతలు గియ్యడం. ఏప్రిల్‌లో రమ్మంటారు, సెప్టెంబరులో చెయ్యి ఊపి పంపిస్తారు. చలికాలం వేరే బతుకు. పార్సిళ్లు మోశాడు, హోటల్లో గిన్నెలు కడిగాడు, రెండు చలికాలాలు ఇంటికి పోయి కూర్చున్నాడు.

అట్లా కూర్చున్న ఒక చలికాలంలోనే భానుమతితో పెళ్లయింది. సంబంధం తెచ్చిన పెద్దమనిషి "అబ్బాయి జర్మనీలో ప్లేయరు" అన్నాడు. ఏ ఆట అని ఎవరూ అడగలేదు. జర్మనీ అన్నాక ఫుట్‌బాలే అయివుంటుందని ఆడపెళ్లివారు గంగిరెద్దుల్లా తలలూపారు. భానుమతి వచ్చిన మర్నాడు గ్రౌండు చూపించడానికి తీసుకుపోయాడు. తుప్పు పట్టిన కంచె, నాలుగు చెక్క బల్లలు, మధ్యలో బంతి విసిరేవాడు నిలబడే మట్టి దిబ్బ.

"స్టేడియం ఏది?" అందామె.

"ఇదే."

ఆమె దిబ్బ చుట్టూ ఒకసారి తిరిగింది. "గడ్డివాము పెట్టుకోనీకె మంచిగుంటది" అంది. ఆ తరువాత ఎనిమిదేళ్లలో ఒక్క మ్యాచ్‌కీ రాలేదు. కోపంతో కాదు. మొగుడు దిబ్బెక్కి ఆడుతుంటే నలుగురే చప్పట్లు కొట్టడం చూస్తే ఏడుపొస్తుందని భయం. ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు.

కూతురు రిషిత మాత్రం ఆ మట్టిలోనే పుట్టి పెరిగినట్టు పెరిగింది. ఏడేళ్లు. తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెబుతుంది. క్లబ్బు పిల్లల టీములో ఆడుతుంది. తండ్రి వంకర చెయ్యే ఆమెకూ వచ్చింది.

ఇప్పుడు ఆంజనేయులుకి ముప్పై ఏడు. ష్వైన్‌ఫర్ట్‌లో మైన్ హెష్ట్ అనే క్లబ్బులో మూడేళ్లుగా ఉన్నాడు. జర్మనీ వచ్చాక ఇంత కాలం ఒకేచోట నిలవడం ఇదే మొదటిసారి. క్లబ్బుకి డబ్బు పెట్టే ఆసామికి బేరింగుల గోడౌను ఉంది. పొద్దున అక్కడ పెట్టెలు సర్దే ఉద్యోగం, సాయంత్రం ఆట. ఆ ఉద్యోగం కాగితం మీదే ముగ్గురి వీసాలూ నిలబడ్డాయి. అరవై నెలలు పెన్షన్ కట్టినవాడికి శాశ్వతంగా ఉండిపోయే కాగితం వస్తుంది. పదకొండేళ్లుగా ఏడాదికి సగమే పని చేసిన ఆంజనేయులుకి యాభై నాలుగు నెలలయ్యాయి. ఇంకొక్క సీజను చాలు. ఆరు నెలలు. అప్పుడు ఆటా అక్కర్లేదు, ఆసామీ అక్కర్లేదు, భుజమూ అక్కర్లేదు.

ఆగస్టు చివర్లో కోచ్ ఉలి అతన్ని పక్కకు పిలిచాడు. ఉలి అరవై దాటినవాడు. వారమంతా ఇళ్ల కప్పులు వేసే పని, శని ఆదివారాలు బేస్‌బాల్.

"ఆసామి చెప్పాడు ఆంజి. చివరి మ్యాచ్ గెలిచి ఈ లీగ్‌లోనే ఉంటే రెండేళ్లకు సంతకం పెడతాడు. కింది లీగ్‌కి పడిపోతే క్లబ్బుకి డబ్బు ఆపేస్తాడు. నీ ఉద్యోగం కూడా క్లబ్బుతోనే."

"గెలుద్దాం" అన్నాడు ఆంజనేయులు.

"భుజం ఎట్లా ఉంది?"

"బ్రహ్మాండం."

ఆ భుజంతో అతను నెల రోజులుగా చొక్కా కూడా సొంతంగా తొడుక్కోవట్లేదు. భానుమతి తొడుగుతోంది. మ్యాచ్ ముందు గురువారం డాక్టరు దగ్గరికి పోయి సూది వేయించుకున్నాడు. మూడు నాలుగు రోజులు పనిచేస్తుంది, ఆ తరువాత సంగతి నన్నడగొద్దు అన్నాడు డాక్టరు.

శుక్రవారం సాయంత్రం సాయికృష్ణ వచ్చాడు. ష్వైన్‌ఫర్ట్‌లో ఎమ్మెస్ చదివే తెనాలి కుర్రాడు. వారానికోసారి ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని భానుమతి పప్పుచారు కోసం వస్తాడు, పోయేటప్పుడు గిన్నెలు కడిగి పోతాడు. ఆ రోజు కంచం ముందు కూర్చుంటూనే మొదలుపెట్టాడు.

"అన్నయ్యా, గూగుల్లో మీ పేరు కొట్టి చూశాను. ఒకే ఒక్క ఫొటో వచ్చింది. అందులో మీరు పార పట్టుకునున్నారు."

"అది పార కాదురా. మట్టి చదును చేసే రేకు."

"ప్లేయరా, పాలేరా మీరు?"

"రెండు" అంది భానుమతి, చారు వడ్డిస్తూ. "జీతం ఒక్కటే ఇస్తరు."

"ఈ ఆదివారం ఆడతన్నారంటగా. పాప చెప్పింది. మేమంతా వత్తన్నాం. మన తెలుగు అసోసియేషన్ డప్పు కూడా తెత్తన్నాం."

ఆంజనేయులు ముద్ద నోటి దాకా తెచ్చి ఆపాడు. పదకొండేళ్లలో ఒక్క తెలుగువాడూ అతని ఆట చూడలేదు. చూడమని అతను పిలవలేదు. సగం చదువు, సగం ఆట, సగం ఏడాది ఉద్యోగం అని నలుగురిలో నవ్వులపాలు కావడం ఎందుకని.

"వద్దురా. మీకు అర్థంకాదు. బోరు కొడ్తది."

"అర్థం కావాలా అరవడానికి?"

"రానియ్యి" అంది భానుమతి. "నేను గూడ వస్త."

అతను తలెత్తి చూశాడు. ఆమె చారు గిన్నెలోకి చూస్తోంది.

"ఎన్నడు లేంది ఇయ్యాల ఏంది?"

"ఆఖరుది కదా. ఆఖరుదన్న చూడకుంటె ఎట్ల?"

ఆదివారం మధ్యాహ్నం ఎండ బాగా కాసింది. చెక్క బల్లల మీద ఎప్పుడూ ఉండే అరవైమంది జర్మన్లు ఎప్పుడూ తాగే బీర్లు పట్టుకుని కూర్చున్నారు. కంచె పక్కన పద్నాలుగుమంది తెలుగు పిల్లలు దిగారు. ఒక దుప్పటి మీద రంగుతో 'సూర్యాపేట సూపర్‌ఫాస్ట్' అని రాసి కంచెకు కట్టారు. సాయికృష్ణ డప్పు మెడలో వేసుకున్నాడు. వాళ్ల మధ్యలో భానుమతి, బతుకమ్మకు కట్టే పట్టుచీర మీద స్వెటరు వేసుకుని.

బేస్‌బాల్ అంటే ముప్పావువంతు ఏమీ జరగకపోవడమే. ఆ ఏమీ జరగని సమయమంతా పిల్లలు డప్పు కొట్టారు. అవతలి టీము బంతి ఎత్తుకున్నా కొట్టారు, అంపైరు ముక్కు చీదుకున్నా కొట్టారు. మొదట్లో చికాకు పడ్డ జర్మన్లు మూడో ఇన్నింగ్స్‌కల్లా కాళ్లు కదిపారు. ఆట ఏడు ఇన్నింగ్స్‌లది. ఐదో దాంట్లో హెష్ట్ టీము నాలుగు మూడు ఆధిక్యంలో ఉండగా, ఉలి దిబ్బ దగ్గరికి నడిచొచ్చి బంతిని ఆంజనేయులు చేతికిచ్చాడు.

"అన్నయ్యా, లేపెయ్యి వాళ్లని" అని కంచె దగ్గర నుంచి తెలుగులో కేక.

జర్మనీలో దిబ్బ మీద నిలబడి ఉండగా ఆంజనేయులు తెలుగు కేక వినడం అదే మొదలు. సూర్యాపేట కాలేజీ గ్రౌండులో పరుగందుకునేటప్పుడు బౌండరీ గోడ మీద కూర్చున్నవాళ్లు అట్లాగే అరిచేవాళ్లు. అతను నవ్వు ఆపుకుని విసిరాడు. సూది మందు బాగానే పనిచేస్తోంది. ఐదో ఇన్నింగ్స్ గడిచింది. ఆరోది గడిచింది. ప్రతి అవుట్‌కీ డప్పు. అతను మాత్రం ప్రతిసారీ బంతి తిరిగి తీసుకుని, మొహంలో ఏమీ లేకుండా, మళ్లీ దిబ్బెక్కాడు. పదకొండేళ్ల అలవాటు.

ఏడో ఇన్నింగ్స్ మొదట్లోనే మందు దిగడం మొదలైంది. భుజంలో ఎవరో తడిబట్ట పిండుతున్నట్టుంది. మొదటివాణ్ని అవుట్ చేశాడు. రెండోవాడు కొట్టాడు, మూడోవాడూ కొట్టాడు. ఇప్పుడు అవతలివాళ్లు ఒకడు మూడో బేస్ మీద, ఒకడు రెండో బేస్ మీద. అయింది ఒక్క అవుట్. కావలసినవి ఇంకా రెండు. ఉలి బెంచీ అంచుకొచ్చి నిలబడ్డాడు. చెయ్యి ఎత్తి అడిగాడు, మార్చనా అని. ఆంజనేయులు తల అడ్డంగా ఊపాడు.

నాలుగోవాడు బలంగా తిప్పాడు. బంతి బ్యాటు అంచుకి తగిలి నిటారుగా పైకి లేచింది. ఆంజనేయులు నెత్తి మీదే, కొబ్బరిచెట్టు ఎత్తున. బేస్‌ల మీద ఉన్న ఇద్దరూ వెనక్కి జరిగి బేస్‌కి కాలు ఆనించి నిలబడ్డారు.

"నాది" అని అరిచాడు, అందరినీ పక్కకి తప్పుకోమని. జర్మన్‌లో కాదు, తెలుగులో అరిచాడు. ఆ సంగతి అతనికి తెలియలేదు.

"పట్టన్నయ్యా, పట్టు పట్టు పట్టు" అని పద్నాలుగు గొంతులు. డప్పు ఆగకుండా మోగుతోంది. దానిమీదుగా, ఎప్పుడూ గట్టిగా మాట్లాడని భానుమతి గొంతు. "పట్టయ్యా."

బంతి గ్లవ్‌లో పడింది. అంపైరు పిడికిలి ఎత్తాడు, అవుట్.

కంచె అవతల ఊరు లేచినట్టు లేచారు. ఆంజనేయులు ఆ వైపు తిరిగాడు. భార్య రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొడుతోంది. అతను గ్లవ్‌లోంచి బంతి తీసి, వంకర చేత్తో, శక్తికొద్దీ, ఆకాశంలోకి ఎగరేశాడు. రెండు చేతులూ చాపి కంచె వైపు నాలుగు అడుగులు పరుగెత్తాడు కూడా.

డప్పు మోతలో రెండు గొంతులు కలిసిపోయాయి. ఒకటి ఉలిది. ఇంకొకటి బల్లల చివర నిలబడ్డ రిషితది. "విర్ఫ్, పాపా. విర్ఫ్." విసురు నాన్నా, విసురు.

మూడో బేస్ మీదున్నవాడు అప్పటికే ఇంటికి చేరాడు. బంతి దిబ్బ వెనక గడ్డిలో పడి ఒకసారి ఎగిరి పడుకుంది. ఎవరో పరుగెత్తి తీసి విసిరేసరికి రెండో బేస్‌వాడూ చేరాడు. ఐదు నాలుగు.

పిల్లలు ఇంకా డప్పు కొడుతూనే ఉన్నారు. భానుమతి ఇంకా చప్పట్లు కొడుతూనే ఉంది. జర్మన్లంతా చేతుల్లో గ్లాసులు అట్లాగే పట్టుకుని నోరు మెదపకుండా వాళ్లను చూస్తున్నారు. రిషిత బల్లల మీదుగా దూకి వచ్చి తల్లి చేతులు రెండూ పట్టుకుంది. ఆ రోజు ఆ పిల్ల తెలుగులోనే మాట్లాడింది.

"అమ్మా, కొట్టకు. ఆపు. పాపా ఓడిచ్చిండు."

ఆ తరువాత ఇంకొకణ్ని అవుట్ చేశారు, హెష్ట్ టీముకి బ్యాటింగు వచ్చింది. ముగ్గురు పోయారు, ముగ్గురూ వెనక్కొచ్చారు. ఆట అయిపోయింది.

ఓడినా గెలిచినా మ్యాచ్ అయ్యాక ఆటగాళ్లే గ్రౌండు సరిచెయ్యాలి. అది ఇక్కడి ఆచారం. ఒకడు రేకు పట్టి మట్టి లాగుతాడు, ఇద్దరు కలిసి దిబ్బ మీద పట్టా కప్పుతారు. ఆ రోజు ఎవరూ ఆంజనేయులు వంక చూడకుండా తలా ఒక పని చేసి వెళ్లిపోయారు. చివరికి పట్టా రెండో కొస పట్టుకోవడానికి ఉలి వచ్చాడు. ఇద్దరూ పరిచారు. అంచుల మీద ఇసుక మూటలు పెట్టారు.

"క్యాచ్ పట్టాక ఏం చెయ్యాలో పిల్లలకి నువ్వే నేర్పించావు" అన్నాడు ఉలి.

"అవును."

"నువ్వు నేర్పించడం చూసి నేను కూడా మాట మార్చుకున్నాను. బంతి చేతిలో ఉన్నంతసేపే ఆట అన్న నీ మాటే బాగుంటుందని."

ఆంజనేయులు చివరి మూట సర్దాడు. ఉలి ఇంకేదో అనబోయి, అతని భుజం మీద చెయ్యి వేశాడు. నొప్పికి ఆంజనేయులు చటుక్కున పక్కకి జరిగాడు. ఉలికి అప్పుడు తెలిసింది ఆ భుజం సంగతి. చెయ్యి తీసేశాడు.

ఇంట్లో భానుమతి చీర మార్చుకోలేదు. అతని చొక్కా విప్పుతూ అడిగింది.

"భుజం పట్టేసింది కదా? ఇసరరాక గట్ల పైకేసినవ్ కదా?"

అతను ఎడమ చెయ్యి బయటికి లాక్కున్నాడు.

"గట్లనే చెప్పు. కోచ్‌కి, ఆ గోడౌన్ ఆయనకి. దెబ్బ తగిలిందంటె మనుషులు జర ఆలోచిస్తరు. సూది కాగితం గూడ ఉండె."

"భుజం కాదు, భాను."

"మరేంది?"

"సంబరమైంది" అన్నాడు. "మీరందరు అరుస్తుంటె, నువ్వు చప్పట్లు కొడుతుంటె, సంబరమైంది. అంతే."

ఆమె చొక్కా మడిచింది. విప్పి, మళ్లీ మడిచింది.

"నేను రాకుంటె మంచిగుండు" అంది.

అతను ఆమె చేతిలోంచి చొక్కా తీసుకుని పక్కన పెట్టాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటు సోమవారం పడింది. ఆట ముగియకముందే, అర్థంకాకముందే, సాయికృష్ణ ఆ క్యాచ్ వీడియో ఇన్‌స్టాలో పెట్టేశాడు. 'మా అన్నయ్య క్యాచ్ చూడండి' అని, వెనకాల డప్పుతో సహా. తెలుగువాళ్లు గుండె గుర్తులు పెట్టారు. తెల్లారేసరికి జర్మనీలో బేస్‌బాల్ ఆడే ప్రతివాడి ఫోనుకీ అది చేరింది. వాళ్లు పెట్టినవి గుండె గుర్తులు కావు. సాయికృష్ణ తీసేసేటప్పటికి ఇంకొకరెవరో దాన్ని స్లో మోషన్‌లోకి మార్చి, కింద సర్కస్ జోకర్ సంగీతం కూడా కలిపారు.

మంగళవారం ఉలి ఫోన్ చేశాడు. ఆసామి సంతకం పెట్టడు. సెప్టెంబరు నెలాఖరు వరకే ఉద్యోగం.

ఆంజనేయులు పాత క్లబ్బులకి ఒక్కొక్కదానికీ ఫోన్ చేశాడు. కైసర్స్‌లౌటర్న్‌లో సార్జెంటు చనిపోయి రెండేళ్లయింది, కొత్తవాళ్లకి ఇతనెవరో తెలియదు. ఇంకోచోట వయసు అడిగారు. ఎర్లాంగెన్ పక్కన ఒకప్పుడు రెండు సీజన్లు ఆడిన క్లబ్బులో సెక్రటరీ మర్యాదగానే మాట్లాడాడు. ఇంట్లోవాళ్ల క్షేమం అడిగాడు. చివర్లో, ఆపుకోలేక, "ఆ వీడియోలో ఉన్నది నువ్వేనా?" అన్నాడు.

"నేనే" అన్నాడు ఆంజనేయులు. అతను నవ్వాడు. ఇతనూ నవ్వాడు. ఇంకేం చేస్తాడు.

వీసా ఆఫీసులో అపాయింట్‌మెంటు ముందే తీసుకుని ఉంది, ఇంకొక సీజను కాగితం చూపించడానికి. ఆ కాగితం లేకుండానే పోయాడు. ఆఫీసు మేడం కంప్యూటరు చూసి, యాభై నాలుగు అంది. అరవైకి ఆరు తక్కువ. ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి మూడు నెలలు రాసిచ్చింది. గోడౌనులో పెట్టెలు సర్దినవాడికి, సగం డిగ్రీ ఉన్నవాడికి, వీసా నిలబెట్టే ఉద్యోగం మూడు నెలల్లో దొరుకుతుందా అని అతను అడగలేదు. అడిగితే ఆమె ఇబ్బంది పడుతుంది.

సాయికృష్ణ శుక్రవారం ఒంటరిగా వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అన్నయ్యా, ఒక్క చెంపదెబ్బ కొట్టండి."

"కొడ్దును గానీ చెయ్యి లేస్తలేదురా" అన్నాడు ఆంజనేయులు. "లోపలికి రా. చారు చల్లారుతది."

వాడు తిన్నాడు. ఆ రోజు ఎవరూ ఎవరినీ ఆటపట్టించలేదు. గిన్నెలు కడుగుతూ వాడు ఏడ్చాడు. భానుమతి చూసి, చూడనట్టు, ఇంకో గిన్నె అందించింది.

నెలాఖరు దాకా బుధవారం పిల్లల కోచింగు ఒప్పందంలో ఉంది. చివరి బుధవారానికి నలుగురే వచ్చారు. చినుకులు మొదలయ్యేసరికి ముగ్గుర్ని తల్లులు కార్లలో ఎక్కించుకుపోయారు. రిషిత మిగిలింది.

"పోదామా?" అన్నాడు.

"నైన్" అంది, తల అడ్డంగా ఊపి.

అతను ఇంటి బేస్ దగ్గర నిలబడి, ఎడమచేత్తో బ్యాటు పట్టి, ఎత్తుగా ఒక బంతి లేపాడు. ఆ పిల్ల వెనక్కి పరుగెత్తి పట్టింది. పట్టిన ఊపులోనే విసిరింది. బంతి సూటిగా వచ్చి అతని గ్లవ్‌లో పడింది. ఎట్లా నేర్పించాడో అట్లాగే.

"సూర్యాపేటల ఈ ఆట ఉన్నదా?" అని అడిగింది దూరం నుంచి. తెలుగులో. ఈమధ్య ఆ పిల్ల తెలుగులో మాట్లాడటం నేర్చుకుంటోంది. ఎవరూ చెప్పకుండానే.

"ఉన్నది. పీడీ సార్ ఉన్నడు. నాలుగు గ్లవ్‌లు ఉన్నయ్."

"అమ్మాయిలకు?"

ఆంజనేయులుకి ఇట్లాంటి ప్రశ్నలకి ఎప్పుడూ ఏదో ఒక అబద్ధం సిద్ధంగా ఉండేది. సూర్యాపేటలో అమ్మాయిలే కెప్టెన్లు, అబ్బాయిలు బంతులేరుతారు అనేవాడు. ఆ పిల్ల నమ్మినట్టు నటించేది.

"ఎర్కలేదు తల్లీ" అన్నాడు.

ఆమె చెయ్యి ఊపింది, ఇంకొకటి లేపమని. అతను లేపాడు. ఆమె పట్టింది, విసిరింది. ఇంతకు ముందుకన్నా గట్టిగా. ఇంకొకటి. ఇంకా గట్టిగా. తిరిగి ఆమెకి విసరడానికి అతని భుజం లేవదు. అందుకని, బ్యాటు పట్టిన ఎడమచెయ్యి కూడా అలిసిపోయాక, వంగి, ఒక్కొక్క బంతినీ తడి గడ్డి మీద ఆమె దాకా దొర్లిస్తున్నాడు. ఆమె తీసుకుంటోంది, రెండడుగులు వెనక్కేస్తోంది, ఆ వంకర చేత్తో ఉన్న బలమంతా పెట్టి తండ్రి మీదికి విసురుతోంది.

గ్లవ్‌లో అరచెయ్యి మండుతోంది. మెల్లగా విసరమని అతను అనలేదు. వాన పెద్దదయింది. అతను ఇంకొకటి దొర్లించాడు.